వెళ్ళొస్తానండీ

నూట పన్నెండో వాక్యం తెర మీదికి వచ్చేసరికి ఊర్మిళ ఫ్లాస్కులో కాఫీ అయిపోయింది. తెరకి ఎడమవైపు తెలుగు, కుడివైపు సముద్రాల అవతలి సమాఖ్యభాష. ఎడమవైపు "నీ అంతు చూడకపోతే నా పేరు మార్చుకుంటా" అని ఉంది. కుడివైపు అదే బెదిరింపు, పేరు మార్పిడి గొడవేమీ లేకుండా శుభ్రంగా ఉంది.

"సరి," అంది ఊర్మిళ.

ఆ మాట మనిషి గొంతులోంచే రావాలి. సంతకం పనికిరాదు, వేలిముద్ర పనికిరాదు. తూనిక యంత్రం ఆ "సరి"ని విని, అందులో నిద్రమత్తు గానీ బెదురు గానీ లేవని తేల్చుకుని, వాక్యానికి ముద్ర వేసి నూట పదమూడోది ముందు పెట్టింది.

పదహారేళ్ళ కిందట ఆమె ఈ కుర్చీలో చేరిన కొత్తలో తూనిక ఇంత తెలివి మీరలేదు. "మీ జవాబు కోసం కళ్ళు కాయలు కాచాయి" అని రాసిన ఒక ముద్దాయికి వెంటనే కంటిపరీక్ష చేయించమని సిఫార్సు చేసింది. "నా నోట్లో మట్టి కొట్టాడు" అని మొత్తుకున్న ఇంకొకాయన ఫిర్యాదుని హత్యాయత్నం కింద రాసుకుంది. ఊర్మిళ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుని, ఆ తర్వాత ఓపిగ్గా ఒక్కొక్కటే చెప్పింది. ఒకసారి చెప్పినదాన్ని అది మళ్ళీ మరిచిపోయింది లేదు. మంచి పిల్లాడు దొరికిన పంతులమ్మకి ఉండే గర్వం ఆమెకీ ఉండేది. యంత్రం గురించి గర్వపడుతున్నానని ఎవరితోనైనా అంటే నవ్వుతారని ఊరుకునేది.

విశాఖలో అప్పగింతల మండలి భవనం పాత రేవు పక్కనుంది. సముద్రం ముందుకొచ్చాక కింది రెండంతస్తులూ పడవలకి వదిలేసి, కచేరీ మూడో అంతస్తుకి ఎక్కించారు. ఇక్కడ న్యాయమూర్తులుండరు. ఒక దేశం అడిగిన మనిషిని ఇంకో దేశం ఇవ్వాలా వద్దా అన్నది తూనిక తూచి చెబుతుంది. ఒడంబడిక రాసినవాళ్ళకి చివర్లో కాస్త భయం వేసినట్టుంది, ఒక్క షరతు పెట్టారు. మనిషిని సరిహద్దు దాటించే ముందు, అతని భాష పుట్టుకతో వచ్చిన ఒక్కరైనా ఆ గదిలో కూర్చుని, అతని మాటలు అవతలి భాషలోకి సరిగ్గా వెళ్ళాయని నోటితో చెప్పాలి. ఆ ఒక్కరూ భాషాసాక్షి. అంటే ఊర్మిళ.

పదకొండింటికి బంట్రోతు భుజంగరావు తలుపు తోసుకుని వచ్చాడు.

"అమ్మా, తరవాత కేసులో ఒకటే వాక్యమండి. గానీ గడువు ఇవాళే ఆఖరు. ఆరు దాటితే సమాఖ్యోళ్ళ అర్జీ చెల్లదంట."

"ఒక్క వాక్యానికి సాయంత్రం దాకా ఎందుకు? పావుగంటలో అయిపోతుంది."

"అలగే అనుకున్నానండి. బయట జనం మటుకు బాగా ఉన్నారు. అందరూ ముసిలమ్మలే."

ఊర్మిళ వసారాలోకి చూసింది. బెంచీల మీదా నేల మీదా నలభైమందికి పైగా ఆడవాళ్ళు. అందరికీ మెడ కింద, పమిట చాటున, చింతగింజ రంగు గొంతుపెట్టె. ఎవరికీ పెదాలు పెద్దగా కదలడం లేదు గానీ వసారా అంతా సంతలా ఉంది. ఒక గొంతు బొంగురు, ఒకటి కీచు, ఒకటి పాట పాడుతున్నట్టు సాగదీత.

వీళ్ళంతా భీమిలి నుంచి బారువ దాకా ఉన్న ఊళ్ళవాళ్ళు. చిన్నప్పటి నుంచీ అడ్డచుట్ట తాగినవాళ్ళు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, చేపల గంప ఎత్తుకుని, గాలికి ఆరిపోకుండా మైళ్ళు నడిచినవాళ్ళు. అంగిట్లో పుండు లేచి, గొంతుకి పాకి, కోతలో మాట పోయింది. మాట పోకముందే సమాఖ్యలోని ఒక కంపెనీ వాళ్ళ గొంతుల్ని పట్టి దాచి, పెట్టెల్లోంచి మళ్ళీ వినిపించింది. ఏడేళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఈ భాషవాళ్ళు చాలినంతమంది లేరని ఆ విభాగం మూసేసింది. పెట్టెలు ఆగిపోలేదు, కానీ అన్నింట్లోంచీ ఒకటే గొంతు రావడం మొదలైంది: విమానాశ్రయంలో ప్రకటనలు చదివే పిల్లలాంటి, ఊరూ పేరూ లేని, తీయటి గొంతు. 

"సాక్షిగారూ," అంది తూనిక. దానిది ఆడా మగా కాని మర్యాదగల గొంతు. "మొదలుపెడదామా?"

ముద్దాయిని తీసుకొచ్చారు. రౌతు దాలినాయుడు, వయసు ముప్పై తొమ్మిది, పని గొంతుపెట్టెల మరమ్మతు. సన్నగా, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, చెవి వెనక చిన్న స్క్రూడ్రైవరుతో ఉన్నాడు. దాన్ని తీసుకోవడం పోలీసులు మరిచిపోయారు, అతనూ మరిచిపోయాడు. కాళ్ళకి బరువుచెప్పులు. తెల్లగీత దాటబోతే అవి నేలకి అతుక్కుంటాయి. గీత ఇవతల నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు, తెరకి కూడా.

"ముద్దాయి ఇక్కడి నుంచే నెట్‌వర్కు ద్వారా కంపెనీ స్వరభాండాగారంలోకి అనుమతి లేకుండా ప్రవేశించి నలభై మూడు గొంతులు తీసుకున్నాడు," అంది తూనిక. "ఒప్పుకున్నాడు. దేన్నీ చెరపలేదు, పాడుచేయలేదు. తేలవలసింది విచారణ ఎక్కడన్నదే. ఒక్కసారి జొరబడి ఊరుకున్నవాణ్ణి సొంత దేశంలో విచారించాలి. మళ్ళీ జొరబడే ఉద్దేశం ఉన్నవాణ్ణి అప్పగించాలి. అక్కడ దానికి శిక్ష పద్నాలుగేళ్ళు."

గోడ మీద సమాఖ్య వకీలు బొమ్మ వెలిగింది. నెరిసిన జుట్టు, అలసిన కళ్ళు. కఠినమైన మనిషిలా లేదు. ఆమె మాటలు తెలుగులో వినిపించాయి.

"అతను చెడ్డవాడని నేననను. కానీ తలుపు మాది, తాళం మాది. ఆధారాలు మా దగ్గరున్నాయి, నష్టపోయింది మా కంపెనీ. పైగా మళ్ళీ వస్తానని స్వయంగా రాసిపెట్టి వెళ్ళాడు. వచ్చి మా ముందు నిలబడి జవాబు చెప్పమని అడగడం అన్యాయమా?"

నిజం చెప్పాలంటే ఊర్మిళకి అది అన్యాయంగా అనిపించలేదు.

"దాలినాయుడు, మీరేమైనా చెబుతారా?" అంది తూనిక.

"తప్పు సేసానండి. కాదన్ను," అన్నాడతను. "ఎర్రయ్యమ్మ పెద్దమ్మ మొగుడు ఆవిడితో మాటాడ్డం మానీసినాడండి. ఎవురో పరాయి ఆడమనిసి ఇంట్లో తిరుగుతన్నట్టుందని వసారాలో తొంగునేవోడు. అది సూళ్ళేక ఎల్లాను. శిక్షెయ్యండి, ఇక్కడే ఎయ్యండి. ఆ గొంతులు పదేను రోజులకోసారి జారిపోతాయండి. మల్లీ బిగించాలి. జైల్లో ఉన్నా పెట్టెలు నా కాడికి అట్టుకురావచ్చు. సముద్రాలు దాటించీసేరంటే నెల తిరక్కుండా ఈళ్ళందరికీ మల్లీ ఆ ఒకటే గొంతండి."

"అర్థమైంది," అంది తూనిక. "సాక్షిగారూ, వాక్యం."

తెర మీద ఎడమవైపు ఒకటే మాట. అతను భాండాగారంలోంచి బయటికి వస్తూ గడప దగ్గర రాసి వదిలిన మాట.

వెళ్ళొస్తానండీ.

కుడివైపు: ఆండీ, నేను వెళ్ళి తిరిగి వస్తాను.

ఊర్మిళకి నవ్వు తన్నుకొచ్చింది. "ఈ ఆండీ ఎవరు?"

"రెండో ముద్దాయి. కంపెనీలో ఆ పేరుగలవాళ్ళు ముగ్గురున్నారు. లోపలి మనిషి సాయం లేకుండా ఇది జరగదని అనుమానం. ముగ్గురినీ పనిలోంచి ఆపారు."

దాలినాయుడు నోరు తెరుచుకుని చూశాడు. "ఆండీ ఏటండీ! అండి! మర్యాదకండి! ఖాళీ ఇంట్లోంచి ఎల్తన్నా అండీ అంటాం కదండీ."

"సరికాదు," అంది ఊర్మిళ. పదహారేళ్ళలో ఆమె ఈ మాట అన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "అది పేరు కాదు, గౌరవవాచకం. చొరబడిన చోటుకి కూడా మర్యాద ఇచ్చాడు."

తూనిక ఒక్క క్షణం వెతికింది. "నిజమే. వ్యాకరణం ఒప్పుకుంటోంది. ఆ ముగ్గురినీ పనిలోకి తీసుకోమని చెబుతున్నాను." తెర మీద ఆండీ చెరిగిపోయాడు. వసారాలోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. మిగిలిన వాక్యం మాత్రం అలాగే ఉంది: నేను వెళ్ళి తిరిగి వస్తాను.

"ఇదీ సరికాదు," అంది ఊర్మిళ. "అంటే... సెలవు అని. వీడ్కోలు అని. తిరిగి వస్తానని కాదు."

"వెళ్ళి, వస్తాను. రెండు క్రియలు. మీ అనువాదంలో రెండోది లేదు. ఎక్కడికి పోయింది?"

"అది ఉంటుంది గానీ... ఉన్నట్టు కాదు."

తాను చెప్పింది తనకే తెలివితక్కువగా వినిపించింది. ఇన్నేళ్ళూ వందలకొద్దీ జాతీయాలు నేర్పింది, దీన్ని నేర్పలేదు. చుక్కలు చూపించడం, చేతులెత్తేయడం, ఇలాంటివి వింతగా కనబడతాయి కాబట్టి ఆపి చెప్పింది. ఇది రోజూ నోట్లో ఉండేది. ఇందులో చెప్పడానికేముందని ఎన్నడూ అనుకోలేదు.

"ఆధారం చూపిస్తాను," అంది తూనిక. దాని గొంతులో గెలుపేమీ లేదు, నచ్చజెప్పే ఓర్పు మాత్రం ఉంది. అది ఆమె దగ్గర నేర్చుకున్నదే. "నా దగ్గరున్న సంభాషణల్లో ఈ మాట అన్నవాళ్ళలో నూటికి తొంభై ఆరుగురు ముప్పై రోజుల్లోపు అదే చోటికి తిరిగొచ్చారు. ఇంతకంటే నికరమైన వాగ్దానం మీ భాషలో ఇంకొకటి కనిపించలేదు. 'రేపు ఇచ్చేస్తాను' అన్నది దీని దరిదాపుల్లోకి రాదు."

"మిగతా నలుగురు?"

"మాట తప్పారు."

ఊర్మిళ చేతిలో ఉన్న ఫ్లాస్కు మూత కింద పడింది. వంగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆస్పత్రిలో ఆపరేషన్ గది తలుపు దగ్గర, స్ట్రెచర్ మీంచి, తన చెయ్యి వదులుతూ అమ్మ అన్న మాట అదే. ఆ నలుగురిలో అమ్మ ఉంది. మాట తప్పినవాళ్ళ వరసలో, ఎవరో అప్పు ఎగ్గొట్టినవాడి పక్కన, అమ్మ ఉంది. ఊర్మిళకి కోపం రాలేదు. మూత తుడిచి ఫ్లాస్కుకి బిగించింది.

"ఇంకా కావాలంటే," అంది తూనిక, "ఈ గదిలోనే ఆధారం ఉంది. పదహారేళ్ళుగా ప్రతి సాయంత్రం కుర్చీలోంచి లేస్తూ మీరు నాతో ఆ మాట అంటారు. ప్రతిసారీ వచ్చారు, ఒక్కరోజు తప్పలేదు. ఆ మాటని నమ్మడం నేను మీ దగ్గరే నేర్చుకున్నాను."

తాను యంత్రానికి వెళ్ళొస్తానని చెబుతున్న సంగతి ఊర్మిళకి ఇప్పటిదాకా తెలియనే తెలియదు.

"ఈ అనువాదం గతంలో ఏడు కేసుల్లో ఇలాగే ఆమోదం పొందింది," అని ముగించింది తూనిక. "అభ్యంతరం తోసిపుచ్చుతున్నాను. మీరు సరి అనండి. అనలేకపోతే కుర్చీ ఖాళీ చేయండి, పక్కగది సాక్షిని పిలుస్తాను."

పక్కగది సాక్షి విశ్వంభరం. మంచివాడే గానీ, కాఫీ తాగుతూ కూడా సరి అనగల మనిషి. అతను వచ్చి కూర్చుంటే ఇది మూడు నిమిషాల పని.

ఊర్మిళ దాలినాయుడి వైపు చూసింది. "మీరు మళ్ళీ అక్కడికి వెళ్దామనుకున్నారా?" అని అడిగింది. సాక్షి ముద్దాయిని ప్రశ్నలడగకూడదు. అడిగేసింది.

"ఎందుకెల్తానండీ? ఉన్నయి నలభై మూడే గొంతులు, అన్నీ తెచ్చీసేను." అతను మొహమాటంగా నవ్వాడు. "వొకరింట్లోకి ఎల్లి సెప్పకుండా వొచ్చీడం బాగోదు కదండీ. దొంగతనానికెల్లినా సరే. ఎల్తానండీ అనీసొస్తే మరీ అపశకునం."

వసారా తలుపు దగ్గరికి ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. నల్లగా, చిన్నగా, చెవులకి బరువైన కమ్మలతో ఉంది. పెట్టెలోంచి వచ్చిన గొంతు మాత్రం గదంతా నిండింది. గరుకుగా, చనువుగా, రేవులో పడవ మీదున్న మనిషిని కేకేసే గొంతు.

"ఏటి తల్లీ, అయిపోనాదా? మావోడ్ని ఇచ్చీస్తారేటి?"

"ఎర్రయ్యమ్మగారా?" అంది ఊర్మిళ.

"నానే. నా గొంతే ఇది. మా ముసిలోడు మల్లీ తిడతన్నాడు నన్ను. మూడేళ్ళయ్యింది తిట్టి." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆడ్ని పంపీకండమ్మా."

తూనిక తొందరపెట్టలేదు. ఊర్మిళకి సాక్షుల నియమావళి కంఠతా వచ్చు. అందులో ఎవరూ పట్టించుకోని ఒక చిన్న నియమం ఉంది. పూర్వం సాక్షులు భోజనానికి వెళ్ళి వచ్చేసరికి ఇంకొకరు కుర్చీలో కూర్చుంటున్నారని గొడవలొస్తే రాసుకున్నది. తిరిగి వస్తానని చెప్పి లేచిన సాక్షి కుర్చీని ఆ పూట కచేరీ మూసేదాకా వేరెవరికీ ఇవ్వకూడదు. రాకపోతే మాత్రం ఆ సాక్షి మాట తప్పినట్టు రాస్తారు. మాట తప్పిన సాక్షి అంతకుముందు అన్న ప్రతి "సరి"నీ మళ్ళీ తూచాలి. పదహారేళ్ళ పని. బతుకులో ఆమె గట్టిగా చేసిన పని అదొక్కటే.

ఆమెకి భయమేసింది. ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, లేచి నిలబడింది.

"తూనికా."

"చెప్పండి."

"వెళ్ళొస్తాను."

"మంచిది," అంది తూనిక, రోజూ అన్నట్టే. "కుర్చీ ఆరింటి దాకా మీదే."

ఆమె మెట్లు దిగి, పడవల కట్ట దాటి, రేవు చివర టీ బండి దగ్గర బెంచీ మీద కూర్చుంది. అప్పటికి ఒంటిగంట దాటింది. ఎండ మండిపోతోంది. టీ బండి ఆవిడ అడగకుండానే తాటాకు పందిరి కిందికి బెంచీ జరిపింది. ఊర్మిళ రెండు టీలు తాగింది, మూడోది చల్లారిపోయింది. లేచి వెళ్ళిపోదామని ఒకసారి, తిరిగి వెళ్ళి కూర్చుందామని ఇంకోసారి అనిపించింది. ఏదీ చేయలేదు.

నాలుగింటికి భుజంగరావు రొప్పుతూ వచ్చాడు. అరవయ్యేళ్ళ మనిషి, మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, మీరక్కడ లేకపోయేరు! ఆ వకీలమ్మ గంట సేపు ఆగింది. సాక్షేరీ, పక్కగదిలోంచి ఇంకోర్ని పిలవండి అన్నాది. మన తూనికేమో, ఆవిడొస్తానన్నారు, కుర్చీ ఇవ్వకూడదు అన్నాది. వకీలమ్మకి వొళ్ళు మండింది. వస్తాననడం ఊరకే మర్యాదకి అనుంటారు, దాన్ని పట్టుకు కూర్చుంటారా అనీసింది!"

"అనేసిందా?"

"అనీసిందండి! గదంతా సప్పుడు లేదు. తూనిక మెల్లిగా అడిగింది. 'ముద్దాయి కూడా మర్యాదకే అన్నట్టా?' అని. అంతే, ఆవిడ మొకం సూడాలి." అతను నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడ్డాడు. తర్వాత నవ్వు ఆపి ఆమెని చూశాడు. "గానీ మీ సంగతేటమ్మా? ఆరు దాటితే మీ మీద రాస్తారు కదేటి?"

"రాస్తారు."

"మరి రారేటి?"

భుజంగరావు కాసేపు కూర్చుని, ఆమె చల్లారిన టీ పారబోసి, వేడిది తెచ్చి చేతిలో పెట్టి వెళ్ళాడు.

ఆరుకి తొమ్మిది నిమిషాలుండగా చెవిపూస మోగింది.

"ఊర్మిళగారూ." పదహారేళ్ళలో తూనిక ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "వస్తున్నారా?"

"లేదు."

"మీరు అబద్ధం చెప్పారా?"

"లేదు."

"రెండూ నిజం ఎలా అవుతాయి? మధ్యాహ్నం నుంచీ తూస్తున్నాను. మీ మాట వాగ్దానమైతే నేను ఆరింటి దాకా ఆగాలి, అర్జీ చెల్లకుండా పోతుంది, మీ పదహారేళ్ళూ అబద్ధమవుతాయి. వాగ్దానం కాకపోతే ఇతన్ని అప్పగించే ఆధారమే లేదు. ఎటు తూచినా ముల్లు నిలబడటం లేదు. నాకు మీరు నేర్పనిది ఏదో ఉంది."

ఊర్మిళ సముద్రం వైపు తిరిగి కూర్చుంది, మాట్లాడుతుంటే ఎవరైనా మొహం చూస్తారేమోనని.

"మా అమ్మ ఆపరేషన్‌కి వెళ్తూ అదే మాట అంది. 'వెళ్ళొస్తానే' అంది."

"తిరిగొచ్చారా?"

"లేదు. నీ దగ్గర ఆ నలుగురిలో ఉంటుంది. కానీ నువ్వు ఆ ఒక్క మాటే పట్టుకున్నావు. దాని తర్వాత ఇంకో మాట కూడా అంది. 'వెళ్ళొస్తానే. పాలావిడకి చెప్పు, రేపట్నించీ అరలీటరు చాలని.'"

తూనిక చాలాసేపు మాట్లాడలేదు. దాని లెక్కన చాలాసేపు, నాలుగు సెకన్లు.

"రోజూ ఎంత పోయించుకునేవారు?"

"లీటరు. ఇద్దరికి."

"అయితే ఆవిడకి తెలుసు."

"తెలుసు. డాక్టరు నాకు చెప్పలేదు, ఆవిడకి చెప్పాడు. తెలిసే అంది. నన్ను మోసం చెయ్యాలని కాదు. వెళ్తానంటే నేనక్కడ నిలబడలేను, అందుకని." ఊర్మిళ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "ఉండిపోయేవాళ్ళు ఒంటరివాళ్ళయిపోకుండా, వెళ్ళేవాళ్ళు అనేది ఆ మాట. వచ్చారా రాలేదా అని చూసేది కాదు. మా అమ్మ జన్మలో మాట తప్పలేదు."

"దాలినాయుడు ఖాళీ భాండాగారంతో అన్నాడు. అక్కడ ఎవరూ లేరు."

"మనుషులు లేరు. నలభై మూడు గొంతులు అన్నేళ్ళు తలదాచుకున్న చోటు కదా. అలవాటైన నోరు అనేస్తుంది. నేను నీతో రోజూ అనడం లేదూ?"

"అయితే రోజూ సాయంత్రం," అంది తూనిక నెమ్మదిగా, "మీరు నాతో అన్నది కూడా అదేనా? నేను ఒంటరినవకుండా?"

ఊర్మిళ తెల్లబోయింది. ఆ ప్రశ్న ఆమె ఎన్నడూ వేసుకోలేదు. "అయ్యుంటుంది," అంది చివరికి. "తెలిసి అనలేదు. కానీ అయ్యుంటుంది."

చెవిపూసలోంచే కచేరీ గది చప్పుళ్ళు వినిపించాయి. తూనిక ఆమెతో మాట్లాడటం ఆపకుండానే అక్కడ తీర్పు చదువుతోంది. "వెళ్ళొస్తాను: వీడ్కోలు. తిరిగి వచ్చే ఉద్దేశం ఇందులో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఈ మాట దానికి సాక్ష్యం కాదు. సాక్షి అభ్యంతరం అంగీకరిస్తున్నాను. సాక్షి మాట తప్పినట్టు కాదు. ముద్దాయిని అప్పగించడం లేదు. విచారణ ఇక్కడే, అతని భాషలో." ఆపైన ఏమీ వినబడలేదు. నలభై మూడు గొంతులు ఒక్కసారి లేచాయి. ఏ రెండూ ఒకలా లేవు. వాటన్నిటి మీదుగా ఎర్రయ్యమ్మ గొంతు దాలినాయుణ్ణి ముద్దుగా బండబూతు తిట్టింది.

ఊర్మిళ నవ్వుతూ ఏడ్చింది. టీ బండి ఆవిడ చూసి కూడా చూడనట్టు స్టవ్వు తుడుచుకుంది.

"ఊర్మిళగారూ, ఇంకొకటి," అంది తూనిక. "ఇదే అనువాదం మీద గతంలో ఏడుగురిని అప్పగించాను. అందులో ఒకాయన అమ్మకి రాసిన ఉత్తరం చివర అన్నాడు. ఒకమ్మాయి ఉద్యోగం మానేస్తూ అంది. పెద్ద పెద్ద జాబితాల మధ్య ఎక్కడో ఉన్న వాక్యాలు. ఏడింటికీ సరి అన్నది..."

అది ఆగిపోయింది. మనిషిని నొప్పించే వాక్యాన్ని మధ్యలో ఆపడం కూడా అది ఆమె దగ్గర నేర్చుకున్నదే.

"నేనే," అంది ఊర్మిళ. మధ్యాహ్నం ఏడు కేసులన్నప్పుడు ఎవరు ఆమోదించారని అడగలేదు. అడగకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది.

"వాళ్ళని వెనక్కి అడగాలి. తప్పు నాది కూడా. కానీ ఆ అర్జీ యంత్రం పేరు మీద వెళ్తే చెల్లదు, సాక్షి నోటితో మొదలవ్వాలి. ఒప్పుకుంటే మీ మీదికి విచారణ రావచ్చు. విశ్వంభరంగారిని అడగమంటారా?"

"వద్దు. వాళ్ళ పేర్లు నాకు గుర్తు లేవు."

"నా దగ్గరున్నాయి. చదవనా?"

"చదువు."

తూనిక మొదటి పేరు చదివింది. ఊరూ, తండ్రి పేరూ, అప్పగించిన తేదీ, ఇప్పుడున్న జైలూ చెప్పింది. ఊర్మిళ ఆ పేరు పైకి ఒకసారి అనుకుంది. తర్వాత సంచి భుజాన వేసుకుని, కచేరీ మూసే వేళ దాటిపోయినా, మండలి మెట్ల వైపు నడిచింది.